అసిరమ్మతో బేరమాడరాదు

దుర్బలుల హక్కుల పరిరక్షణ చట్టం వచ్చాక, దాన్ని అమలు చెయ్యడానికి మా జిల్లాలో ఒక ఆఫీసు పెట్టారు. నేను అందులో సీనియర్ అసిస్టెంట్‌ని. ఆఫీసుకి జీపుంది, గోడగడియారం ఉంది, గుమ్మానికి పచ్చ కర్టెన్లున్నాయి. దుర్బలులు మాత్రం రావడం లేదు. అది మా చేతగానితనం అని ఒక పేపరువాడు రాసిపారేశాడు గాని, శుద్ధ అన్యాయం. మా ఆఫీసు రెండో మేడ మీద ఉంది. మెట్లకి పట్టుకునే కమ్మీ లేదు. ఎక్కగలిగినవాడు దుర్బలుడు కాడు, దుర్బలుడైనవాడు ఎక్కలేడు. ఇందులో మా తప్పేమిటో మీరే చెప్పండి.

మా అధికారి కూర్మనాథంగారు దీనికి లోలోపల కుమిలిపోయేవారు. మనిషి మంచివాడు. దుర్బలులంటే ఆయనకి ప్రాణం. ఒక్కరినైనా కళ్లారా చూడాలని రోజూ కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీదకి చూసేవారు. రాష్ట్ర బృందం తనిఖీకి వస్తుందనీ, వాళ్లకి ఒక ఆదర్శ లబ్ధిదారుని చూపించి తీరాలనీ పైనుంచి ఉత్తరం వచ్చాక ఆయనకి అన్నం సయించడం మానేసింది.

అలాంటి రోజుల్లో అసిరమ్మ వచ్చింది. ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, లేస్తూ, ఆ మెట్టు కట్టిన మేస్త్రీని వాడి వంశాన్ని తిడుతూ పైకొచ్చింది. పాత బస్టాండు వెనకాల బజార్లో ఆకుకూరలూ వంకాయలూ అమ్ముతుంది. నా పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఆవిడ తాయారు కూరలు కొనేది ఆవిడ దగ్గరే. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడింది. మొగుడు పోయాడు. అక్షరం ముక్క రాదు.

"వృద్ధురాలు, వికలాంగురాలు, వితంతువు, నిరక్షరాస్యురాలు," అంటూ కూర్మనాథంగారు వేళ్లు ముడిచి, "నాలుగు క్లాజులు! ఒకే మనిషిలో!" అన్నారు. నిజం చెబుతున్నాను, ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడకి కుర్చీ వెయ్యమని కేకేశారు. ఉన్న కుర్చీలన్నీ స్టాఫువి కనక ఆవిడ గుమ్మంలోనే చతికిలబడింది.

"బాబూ, బజార్లో జాగా రుసుము, ఆశీలు వసూలు సేసే సింహాద్రి ఉన్నాడు," అంది. "రోజూ సీటీ ఇచ్చీసి, ఎల్తా ఎల్తా నా గంపలోంచి ఓ కట్ట తోటకూరో, దోసెడు వంకాయలో అట్టుకుపోతన్నాడు. ఏట్రా అంటే, నోరెత్తితే నీ జాగాలో ఇంకోల్ని కూకోబెట్టేస్తానంటన్నాడు. ఆ జాగా పోతే నాను బతకనేను బాబూ. ఆడికి కాసింత బయం సెప్పండి. అంతకన్నా నాకేటీ ఒద్దు."

కూర్మనాథంగారు చట్టం పుస్తకం తెరిచారు. "సదరు సింహాద్రి అనునతడు నిన్ను ఆ వస్తువులు ఉచితముగా ఇమ్మని కోరుచున్నాడా?"

"కోరడమేటి బాబూ? ఆడు అడిగితే కదా! సెయ్యెట్టి లాక్కుపోతాడు."

కూర్మనాథంగారి మొహం వాడిపోయింది. "దుర్బలుల నుండి ఏ వస్తువునైనను ఉచితముగా కోరుట, అడుగుట, యాచించుట వెట్టిగా పరిగణింపబడును అని మాత్రమే సెక్షనులో ఉన్నది. అతడు కోరుట లేదు. అడుగుట లేదు. అడగకుండా తీసుకొనువాడు ఈ చట్టం దృష్టిలో నిర్దోషి. ఇంకెవరైనా నిన్ను అడుగుచున్నారా? బాగా ఆలోచించి చెప్పు."

"అడక్కేం బాబూ, కొసరు అందరూ అడుగుతారు. గుప్పెడు కొత్తిమీర వెయ్యే, రెండు రెబ్బలు కరేపాకు వెయ్యే అని. ఈ బాబుగారి ఆడోలు కూడా రోజూ అడుగుతారు," అని నన్ను చూపించింది.

నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ కేసి చూశాను.

మర్నాడు పొద్దున్నే జీపు బజారుకెళ్లింది. కూర్మనాథంగారు, వెనకసీట్లో నేను. వెళ్లేసరికి, మా దరిద్రం ఏమని చెప్పను, గంప ముందు మా తాయారు గొంతుక్కూచుని ఉంది.

"ఈ వంకాయలకి ఆ రేటేటే? సగం పుచ్చులు!"

"నీ కళ్లు పుచ్చినాయమ్మా. తెల్లారగట్ల కోసినవి, ముచ్చిక సూడు."

"సగానికిస్తావా?"

"సగానికి తొడిమలొస్తాయి, అట్టుకెల్లి పులుసెట్టుకో."

తాయారు విసురుగా లేచి నాలుగడుగులు వేసింది. "ఎల్లమ్మా ఎల్లు," అని అసిరమ్మ వెనకనుంచి అరిచింది, "ఆ సివరన కొనుక్కో. మీ ఆయన కంచం తోసేసి లేస్తే నన్ననకు!" అంతలోనే గొంతు మార్చి, "రా తల్లీ, రా. ఎప్పుడైనా నీ మాట కాదన్నానేటి?" అంది. తాయారు వెనక్కొచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం కుదిరింది. "కొసరెయ్యవే," అంటూ తాయారు సంచీ చాపింది. అసిరమ్మ ఇంత కరివేపాకు విదిలించింది.

కూర్మనాథంగారు కోపంతో నా వైపు తిరిగారు. "చూచితివా? దుర్బలురాలి సరుకును కించపరచుట. లేచిపోవుదునని బెదిరించుట. ఆమె చెప్పిన మూల్యమును బలవంతముగా తగ్గించుట. అది చాలక, పట్టపగలు, నడిబజారున వెట్టి! ఎవరయ్యా ఈ దోపిడీదారు?"

"విచారించి చెబుతానండి," అన్నాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా బజార్లో మొదట చెప్పేది ధర కాదు. అది పలకరింపు. ఇంటికొచ్చిన చుట్టాన్ని భోంచేసి వెళ్లమన్నట్టు అమ్మేది ఒక మాట అంటుంది, ఇప్పుడే తిన్నామన్నట్టు కొనేది ఇంకో మాట అంటుంది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడో అసలు ధర ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఈ సంగతి కూర్మనాథంగారికి తెలియదు. ఆయనెప్పుడూ కూరలు కొనలేదు. ఆఫీసు జవాను తెస్తాడు.

అందుచేత అసిరమ్మ మొదట చెప్పిన ధరే న్యాయమైన ధర అని ఆయన ఉత్తర్వు ఇచ్చేశారు. "అది దర కాదు బాబూ, ఊరికే అలగంటాం," అని ఆవిడ నెత్తీనోరూ బాదుకుంది. తరతరాల అణచివేత వల్ల ఆమె తన సరుకు విలువను తానే గుర్తించలేని స్థితిలో ఉన్నదని ఆయన నాచేత రాయించారు.

గంప వెనకాల బోర్డు లేచింది. "ఈమె చట్టముచే రక్షింపబడిన వ్యక్తి. ఈమెతో బేరమాడరాదు. కొసరు కోరరాదు. సరుకును నలిపి, గిల్లి, వాసన చూడరాదు. గొంతు పెంచరాదు." గంప చుట్టూ తాడు కట్టారు. తాడు పక్కన స్టూలు మీద దాలినాయుడనే హోంగార్డుని కూర్చోబెట్టారు.

మొదటి పూట అసిరమ్మకి గొప్ప సరదాగా ఉంది. పక్క గంపలవాళ్లు ముక్కున వేలేసుకుని చూస్తుంటే, మహరాణీలాగ కాలు చాపుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి సరదా దిగిపోయింది. ఒక్క మనిషి తాడు దాటి రాలేదు. వచ్చినవాళ్లు బోర్డు చదివి, దాలినాయుడి లాఠీ చూసి, పలకరింపు ధరకి కూర కొనేటంత పిచ్చివాళ్లం కాదనుకుని, పక్కనున్న నీలమ్మ గంప దగ్గర గుమిగూడారు. అక్కడ తిట్టొచ్చు, తిట్టించుకోవచ్చు. అసిరమ్మ తోటకూర ఆవిడ కళ్లముందే వాలిపోయింది.

సాయంత్రం సింహాద్రి వచ్చాడు. చీటీ ఇచ్చాడు. వంగి రెండు కట్టలు తీసుకున్నాడు. ఇంతకుముందు ఒకటే తీసేవాడు, చుట్టూ ఆడవాళ్లుంటే నాలుగు మాటలు పడతాయని. ఇప్పుడు అనేవాళ్లు లేరు.

"ఓయ్ నాయుడూ, సూస్తన్నావేటి? నీ ముందే అట్టుకుపోతన్నాడు!" అని అరిచింది అసిరమ్మ.

"ఆడు అడగనేదు కదప్పా," అన్నాడు దాలినాయుడు చాలా బాధగా. "అడిగుంటే ఈపాటికి ఇరగ్గొట్టీసుందును."

ఇంట్లో నా పరిస్థితి అడక్కండి. చారులో కరివేపాకు లేదు. పచ్చట్లో కొత్తిమీర లేదు. "నీలమ్మ దగ్గర కొనొచ్చు కదా," అంటే తాయారు ఒంటికాలి మీద లేచింది. "కొన్నాను. అది ఒక్క మాటకే తగ్గించీసింది. తిట్టదు, పొమ్మనదు, రమ్మనదు. అదీ ఓ బేరవేనా? మీ ఆఫీసు దుంపతెగ, నోరున్న మనిషిని పట్టుకెళ్లి నోట్లో గుడ్డలు కుక్కేరు కదండీ!" అంది. నేను ప్రభుత్వోద్యోగిని. చట్టాన్ని విమర్శించే మాటలు వినకూడదు. చెవులు మూసుకుని చారన్నం తిన్నాను.

కొన్నాళ్లకి అసిరమ్మ తెగించింది. దాలినాయుడు టీకి వెళ్లిన సమయం చూసి తాయారుని సైగచేసి పిలిచింది. "పాత రేటుకే అట్టుకెల్లు తల్లీ. ఎవరికీ సెప్పకు. ఇదిగో, కొసరు కూడా ఏసీసినాను. నువ్వడగనేదు, నానే ఏసినాను," అంది. గ్లాసుతో సహా వెనక్కొచ్చిన దాలినాయుడు చూడనే చూశాడు. మంచివాడే పాపం, కాని చూశాక చెప్పక తప్పదు కదా.

ఆఫీసులో పెద్ద విచారణ జరిగింది. తాయారు బేరమాడలేదు, కొసరడగలేదు కనక నిర్దోషి అని తేలింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. "కాని దుర్బలురాలి సరుకు విలువ తగ్గించబడినది," అన్నారు కూర్మనాథంగారు. "దోపిడీ జరిగినది. బాధితురాలు అసిరమ్మ. మరి ఆ విలువను తగ్గించినదెవరు?"

"ఆవిడే అండి," అన్నాను.

"అయితే నిందితురాలు కూడా అసిరమ్మయే." ఆయన మళ్లీ పుస్తకం తిరగేశారు. "చట్టమునకు మొగమాటము లేదు. నిందితురాలు బాధితురాలి సమీపమునకు పోరాదు. ఆమెను ప్రభావితము చేయు ప్రమాదమున్నది."

దీన్ని అమలుచెయ్యడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి నేనే ఒక దారి చెప్పాను, సారుగారు మెచ్చుకున్నారు కూడా. పొద్దున్న పూట అసిరమ్మ బాధితురాలిగా గంప దగ్గర కూర్చుంటుంది. మధ్యాహ్నం నుంచి నిందితురాలిగా రోడ్డుకి ఆవలివైపు, సైకిళ్లు బాగుచేసే కొట్టు అరుగు మీద కూర్చుని తన గంప కేసి చూస్తుంటుంది. బాధితుల మొహం బయటపెట్టకూడదన్న నియమం కూడా ఉంది కనక, పొద్దున్న పూట గంప చుట్టూ మా ఆఫీసు పచ్చ కర్టెన్లు కట్టించాం. లోపల ఎవరున్నారో, ఏ కూర ఉందో ఎవరికీ తెలియదు. ఒక కొత్త మనిషి అదేదో టీకాల శిబిరం అనుకుని చంకలో పిల్లాడితో లోపలికెళ్లి, వంకాయల్ని చూసి బయటికొచ్చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం నేనటు వెళ్తుంటే అసిరమ్మ అరుగు మీద ఉంది. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బాబూ, మజ్జాన్నం జాగా కాలీగా ఉంటంది, ఇంకోల్కి ఇచ్చేస్తానని సింహాద్రి అంటన్నాడు," అంది నీరసంగా. "ఆడికి బయం సెప్పమని మీకాడికొచ్చినాను. ఆడికే బలమొచ్చింది. జాగా పోయినాక నన్నెవరు రచ్చిస్తారు?" ఇన్నేళ్లుగా ఆ గంప ముందు నోరు పారేసుకోని పూట లేదు ఆ మనిషికి. ఇవాళ కసురుకోవడానికి కూడా ఓపిక లేదు. "ఇంకోసారి ఆఫీసుకి రా, సారుతో మాట్లాడదాం," అని మాత్రం అనగలిగాను.

ఆ వారమే రాష్ట్ర బృందం వస్తున్నట్టు ఫోనొచ్చింది. కూర్మనాథంగారు కాలుగాలిన పిల్లిలా గది ఈ మూలనుంచి ఆ మూలకి తిరుగుతున్నారు. ఆదర్శ లబ్ధిదారు మీద దోపిడీ కేసుంది మరి. సరిగ్గా అప్పుడు అసిరమ్మ మళ్లీ మెట్లెక్కి వచ్చింది. ఈసారి మేస్త్రీని తిట్టలేదు. అది నాకు మంచి లక్షణంగా తోచలేదు.

"నాకీ రచ్చన ఒద్దు బాబూ," అంది. "ఆ బోరుడు తీయించీండి. తాడిప్పీండి. నా మానాన నాను తిట్టుకుని, తిట్టించుకుని బతుకుతాను."

"అది అసాధ్యము," అన్నారు కూర్మనాథంగారు. "హక్కును వదులుకొను హక్కు దుర్బలులకు లేదు. అట్లు వదులుకొనగోరుటే దౌర్బల్యమునకు నిదర్శనము. ఇంతకన్న యోగ్యుడైన దుర్బలుడు లభించినచో రక్షణను అతనికి బదిలీ చేయవచ్చును. కాని ఈ జిల్లాలో దుర్బలులెక్కడున్నారు?"

అసిరమ్మ కర్టెన్లు లేని మా గుమ్మం కేసి చూసింది. తరవాత చీరకొంగు దులుపుకుంది. బేరం మొదలుపెట్టబోయే ముందు ఆవిడ అలాగే దులుపుకుంటుంది, మా తాయారు చెప్పింది.

"సింహాద్రికి ఇచ్చీండి బాబూ," అంది.

"అతనిపై నీవే కదా ఫిర్యాదు చేసితివి?"

"తెలీక సేసినాను. పాపం, తల్లీ తండ్రీ లేనోడు బాబూ. వాల్లు పోయినకాడ్నుంచి ఆణ్ని ఒక్కలు పలకరించినోలు నేరు. ఎవలూ ఇయ్యకే కదా ఎత్తుకుపోతన్నాడు? నాకేటి, నాను నోరున్నదాన్ని. ఆడికి అడగడం కూడా రాదు. అడగడం కూడా రానోడికంటే దిక్కులేనోడు ఇంకెవరుంటారు బాబూ?"

కూర్మనాథంగారు చటుక్కున పుస్తకం తెరిచారు. "అనాథలు... అనాథలు... ఉన్నది! వయోపరిమితి పేర్కొనబడలేదు!"

సింహాద్రికి నలభై దాటాయి. మీసాలు చెవులదాకా ఉంటాయి. బియ్యం బస్తాలాంటి ఒళ్లు, ముగ్గురు పిల్లల తండ్రి. అయినా తల్లి లేదు, తండ్రి లేడు. చట్టానికి కావలసిందీ అదే. కబురు పంపగానే పరిగెత్తుకొచ్చాడు. ఇళ్లస్థలం ఇస్తారనుకున్నాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, వేలిముద్ర కూడా అదనంగా వేశాడు. గుమ్మం దగ్గర అసిరమ్మని చూసి, "సూసినావా, గవర్మెంటు నా ఎనకాల ఉంది," అని మీసం దువ్వాడు.

"ఉండాల నాయినా, నూరేళ్లు ఉండాల," అంది అసిరమ్మ.

మర్నాటికల్లా బజారు గేటు దగ్గర సింహాద్రికి కుర్చీ, చుట్టూ తాడు, వెనకాల బోర్డు, పక్కన దాలినాయుడు. ఎండలో తిరుగుతూ చీటీలివ్వడం అనాథ శ్రమని దోచుకోవడమే అని ఆశీలు కంట్రాక్టరుకి నోటీసిచ్చాం. కంట్రాక్టరు హడలిపోయి ఆ పనికి ఇంకొకణ్ని పెట్టుకున్నాడు. ఆ కొత్తవాడు చీటీలిచ్చి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, గంపల వంక చూడకుండా వెళ్లిపోతున్నాడు. ఎక్కడ తననీ రక్షించేస్తారో అని వాడి భయం.

తాడు దాటి గంపల్లో చెయ్యి పెడదామని సింహాద్రి ఒకసారి ప్రయత్నించాడు. దాలినాయుడు లాఠీ అడ్డం పెట్టాడు. "దాటకూడదండి. బయట మిమ్మల్ని ఎవులైనా బాధపెట్టీగలరు. మీ చేమం కోసవేనండి." పోనీ అడిగి తీసుకుందామని, వాడు జన్మలో మొదటిసారి నోరు తెరిచి, "అప్పా, రెండు వంకాయలియ్యవే," అన్నాడు. ఊరికే ఇస్తే వాడి ఆత్మగౌరవానికి భంగమని పుస్తకంలో ఉంది కనక, అసిరమ్మ ఎంతో గౌరవంగా ఇవ్వలేదు.

రక్షణతోపాటు కేసూ పోయింది కనక ఆవిడ గంప ముందు మళ్లీ జనం. పుచ్చులంటే పుచ్చులనీ, పొమ్మంటే పొమ్మనీ ఒకటే గోల. రాష్ట్ర బృందం వచ్చేసరికి ఆ గోల బస్టాండుదాకా వినిపిస్తోంది. బృందంలోని పెద్దాయన సింహాద్రి ముందు నిలబడి చేతులు జోడించారు. ఒక మేడంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒగ్గీండి బాబూ, నన్నొగ్గీండి, ఇంటికి పోతాను!" అని సింహాద్రి ఏడ్చేశాడు. లబ్ధిదారు ఆనందబాష్పాలు రాల్చినాడని కూర్మనాథంగారు నాచేత రాయించారు. ఆయన మొహం దేదీప్యమానంగా వెలిగిపోతోంది.

బృందం జీపుల కేసి నడుస్తుండగా సింహాద్రి తాడు మీదనుంచి వంగి బతిమాలాడు. "అసిరమ్మప్పా, నీకు దండమెడతాను. రచ్చన ఇంకోలికి మార్సొచ్చంటన్నారు. నాకన్నా దిక్కులేనోడి పేరొకటి సెప్పవే. జన్మలో నీ గంప ముట్టను."

అసిరమ్మ మా తాయారుకి తోటకూర కడుతోంది. కట్ట ముడేసి, చీరకొంగు దులుపుకుంది. బృందానికి జీపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డ కూర్మనాథంగారిని తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. తరవాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"బాబూ, ఆ పెద్ద బాబుకి తల్లీ తండ్రీ ఉన్నారేటి?" అంది మెల్లిగా.

కనుక్కుని సాయంత్రంలోగా చెబుతానన్నాను.